మామిడికి ఎండ, సీతాఫలమునకు మంచు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో మాటలాడుట ఆచారము. ఆ భారమును నాకంటె సమర్థులు వహించియున్నారు. కార్యదర్శిగారు నాకు వ్రాసిన ఉత్తరములో “మన ఊరి స్త్రీలకు పనికివచ్చు విషయమేదైన చెప్పుడు” అని కోరినారు. స్త్రీలకే కాక పురుషులకును పనికివచ్చు విషయమునే ఎంచుకొంటిని. ఒక్కసారిగా వచ్చిపడి, తినలేక, అమ్మలేక మనము పారవేయుచున్న పండ్లను గడ్డకట్టించి దాచుకొనుట ఎట్లు, ఏ పండునకు ఆ శ్రమ తగును, ఏ పండునకు తగదు అనునదే నేటి ప్రసంగ విషయము.

ధాన్యము గాదెలో ఏడాది నిలుచును. కందులు, పెసలు కుండలో నిలుచును. పండునకు మాత్రము ఆ ఓపిక లేదు. పైగా ఒక తోటలోని కాయలన్నియు ఇంచుమించు ఒకే పక్షములో పక్వమునకు వచ్చును. వేసవిలో మామిడి, తొలకరిలో నేరేడు, బతుకమ్మ పండుగ నాటికి సీతాఫలము, సంక్రాంతికి రేగు. ఆయా కాలములలో ఇంటనిండ పండ్లే, తరువాత పది నెలలు ఒక్కటియు లేదు.

మన పెద్దలు ఈ చిక్కును ఎరుగనివారు కారు. మామిడికాయను ఉప్పు కారములలో ఊరవేసి తొక్కు పెట్టినారు. ముక్కలు కోసి ఎండబెట్టి ఒరుగులు చేసినారు. గోదావరి తీరమున ఆత్రేయపురమువారు మామిడి రసమును చాపలపై పొరపొరలుగా పోసి, ఎండించి తాండ్ర చేయుచున్నారు. ఉసిరికను ఉప్పులో వేసినారు, రేగుపండ్లను దంచి వడియములు పెట్టినారు. ఈ పద్ధతులన్నిటి రహస్యము ఒక్కటే. పండును చెరచు సూక్ష్మజీవులకు నీరు కావలెను. ఎండ ఆ నీటిని ఆవిరిచేయును. ఉప్పును, చక్కెరయు ఆ నీటిని తమవైపు లాగికొని సూక్ష్మజీవులకు అందనీయవు. దీనికి విద్యుత్తు అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. అందుచేత మామిడి విషయమున నా అభిప్రాయము మొదటనే చెప్పెదను. ఎండ పుష్కలముగా ఉన్న మన ప్రాంతములో మిగిలిన మామిడికి మొదటి దారి ఎండయే, రెండవ దారి ఉప్పు, మూడవ దారి మాత్రమే మంచు. ఇంట ఫ్రిజ్జు ఉన్నదని దానినిండ మామిడి రసము నింపి నెలనెల కరెంటు బిల్లు కట్టుట తెలివైన పని కాదు.

అయిన ఎండకును ఉప్పునకును లొంగని పండొకటి మన గుట్టలలోనే ఉన్నది. అది సీతాఫలము. హైదరాబాదులో షరీఫా అందురు. పేరు సీతమ్మవారిదే కాని ఈ చెట్టు పుట్టినది అమెరికా ఖండములోని ఉష్ణప్రాంతములలో. సముద్రము దాటి వచ్చి, నీరు పోయువారు లేకయే, ఎరువు వేయువారు లేకయే, పాలమూరు రాళ్ల నేలలలో ఇంటిచెట్టువలె స్థిరపడినది. మహబూబునగరు జిల్లాలోని బాలానగరు పేరిట ఒక సీతాఫల రకమే దేశమంతట ప్రసిద్ధి చెందియున్నది.

ఈ పండు స్వభావమును కొంచెము చూడుడు. కాయ ముదిరినపుడు కన్నులు విచ్చుకొని వాని నడుమ గీతలు తెల్లబారును. కోసిన రెండు మూడు దినములలో మెత్తబడును. మెత్తబడిన మరునాడు తినవలెను, ఆ మరునాడు పారవేయవలెను. దీనిని ఎండించినచో తాండ్ర కాదు. ఉడికించి జాము చేయుదమన్నచో మరుగుటకు ఎంతో ముందుగనే గుజ్జు చేదెక్కును, రంగు మారి ఎరుపుదిరుగును. ఊరగాయకు అసలే పనికిరాదు. మనకు తెలిసిన పాత పద్ధతులన్నియు దీనియెదుట ఓడినవి. అందుచేతనే ఐసుక్రీము చేయువారు ఈ గుజ్జును వేడి తగులనీయక గడ్డకట్టించి ఏడాది పొడవున వాడుకొందురు. వేసవిలో పట్టణములలో మీరు తిను సీతాఫలపు ఐసుక్రీములో ఉన్నది గడచిన శరత్కాలపు గుజ్జే.

ఇక గుట్టలెక్కి ఈ కాయలు కోయు స్త్రీల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున బయలుదేరి, ముండ్లలో తిరిగి, తట్టలు నింపుకొని జడ్చర్ల, బాలానగరు, షాద్‌నగరు దారి ప్రక్కన కూర్చుందురు. ఉదయము చెప్పిన ధర మధ్యాహ్నమునకు ఉండదు, మధ్యాహ్నపు ధర సాయంకాలమునకు ఉండదు. కొనువానికిని తెలియును, ఈ పండు రేపటికి నిలువదని. నిలువ ఉంచుకొనగలవాడు బేరమాడగలడు. నిలువ ఉంచుకొనలేనివాడు అడిగిన ధరకు ఇచ్చి పోవలసినదే. పండు దాచుట అనునది కేవలము వంటింటి సంగతి కాదని నేను అనుట ఇందువలననే.

మామిడిలోను ఇదే కష్టము పెద్ద ఎత్తున చూచినాము. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి ధర పడిపోగా, కర్మాగారములవారు కిలోకు 8 రూపాయలును, ప్రభుత్వము 4 రూపాయలును కలిపి రైతునకు 12 రూపాయలు ముట్టునట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయింపవలసి వచ్చినది. గుజ్జు తీయు కర్మాగారములు అనేకములున్న జిల్లాలోనే ఆ స్థితి వచ్చినదన్నచో, ఒక్క కర్మాగారమైన లేని మన గుట్టల మాట చెప్పవలెనా?

సరే, మంచు సంగతికి వత్తము. మన దేశమునకు మంచు సరుకుగా వచ్చిన కథ విచిత్రమైనది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడరు అను అమెరికా వర్తకుడు బోస్టను ప్రాంతపు చెరువులలో గడ్డకట్టిన మంచును కోయించి, ఓడకెత్తించి కలకత్తాకు పంపినాడు. నాలుగు నెలల ప్రయాణములో కొంత కరగిపోయినను మిగిలినదానికే గిరాకి కలిగినది. తరువాత మద్రాసు సముద్రతీరమున అట్టి మంచును నిలువచేయుటకు కట్టిన ఐసుహౌసు నేటికిని నిలిచియున్నది. 1897లో స్వామి వివేకానందులు అందు బస చేసినందున ఇప్పుడు దానిని వివేకానందర్ ఇల్లము అని పిలుచుచున్నారు.

ఆహారమును గడ్డకట్టించు విద్యకు నేటి రూపమిచ్చినవాడు మరియొక అమెరికావాడు, క్లారెన్సు బర్డ్స్ ఐ. ఆయన 1912 తరువాత కొన్ని ఏండ్లు ఉత్తరమున లాబ్రడారు అను మహాశీతల ప్రాంతములో ఉండెను. అక్కడివారు పట్టిన చేపలు ఆ చలిగాలికి చూచుచుండగనే గడ్డకట్టుటయు, నెలల తరువాత వండినను తాజా చేపలవలె ఉండుటయు ఆయన గమనించినాడు. ఆయన పద్ధతిని గడ్డకట్టించిన మాంసము, చేపలు, కూరలు, పండ్లు 1930లో మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగుఫీల్డు పట్టణపు దుకాణములలో మొదట అమ్మకమునకు పెట్టబడినవి. ఆయన గ్రహించినది చిన్న విషయమే. ఎంత చల్లగా ఉంచితిమన్నదొక్కటే కాదు, ఎంత త్వరగా గడ్డకట్టించితిమన్నది ముఖ్యము.

దీనికి కారణము మీ వంటింటనే ఉన్నది. చక్కెర పాకమును మెల్లమెల్లగా చల్లారనిచ్చినచో పెద్ద పెద్ద పలుకులుగా పటికబెల్లము కట్టును. త్వరగా చల్లార్చుచు కలియబెట్టినచో సన్నని పొడిగా మారును. నీరును అంతే. పండులో అధికభాగము నీరే. నిదానముగా గడ్డకట్టినచో మంచు పెద్ద పలుకులై పండులోని సన్నని కణముల గోడలను చీల్చివేయును. త్వరగా గడ్డకట్టినచో పలుకులు చిన్నవై, గాయము తక్కువగును. ఎంత జాగ్రత్తపడినను కొంత గాయము తప్పదు. అందుచేత గడ్డకట్టించి తీసిన పండు కోసిన పండువలె కరకరలాడదు, మెత్తబడి కొంత నీరు కారును. కోసి పళ్లెములో పెట్టు పండ్లకు ఇది దారి కాదు. రసమునకు, పాలలో కలుపుకొనుటకు, పాయసమునకు, ఐసుక్రీమునకు ఇది మంచి దారి. పుచ్చకాయ వంటి నీటి కాయను గడ్డకట్టించి తీసినచో నీరు నీరుగా పీచు పీచుగా విడిపోవును. దాని జోలికి పోవలదు.

ఇంకొక అపోహ పోవలెను. మంచు సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చును అంతే. మురికి చేతితో తీసిన గుజ్జును ఆరు నెలలు గడ్డకట్టించి ఉంచినను, కరగిన క్షణమున ఆ మురికి మరల మేల్కొనును. కావున చేతులు, కత్తి, పాత్ర, వస్త్రము శుభ్రముగా ఉండుట ఎండలో ఆరబెట్టుదానికంటె ఇచ్చట ఎక్కువ అవసరము. చెడిపోవుచున్న పండును మంచు బాగుచేయదు. కుళ్లు మచ్చ కోసి మిగిలినది వాడుదమని చూచువారు దానిని ఆనాడే తినివేయుట మేలు.

చలి వేరు, గడ్డకట్టించుట వేరు అని కూడ తెలిసికొనవలెను. పచ్చి మామిడికాయను, అరటిగెలను చల్లని పెట్టెలో పెట్టినచో పదిదినములు నిలుచునని కొందరి ఊహ. 12, 13 డిగ్రీలకంటె చల్లగా ఉంచినచో ఈ ఉష్ణదేశపు కాయలకు దెబ్బతగులును. అరటి తొక్క నల్లబడును, మామిడి సరిగా పండక మచ్చలు పడును. ముందు బయటనే పండనిచ్చి, పక్వమైన తరువాతనే చలికి అప్పగించవలెను.

ఇక పని జరుపు విధము. ముందుగా సీతాఫలము.

బాగుగా మెత్తబడి, పగిలిపోకుండ ఉన్న పండ్లను ఎంచి, కడిగి, నీరు ఆరనీయవలెను. రెండుగా విప్పి చెంచాతో గుజ్జు తీయవలెను. తొక్కకు అంటియున్న ఇసుకవంటి పలుకుల పొరను గీకి తీయవలదు, నోటికి గరగర తగులును. గుజ్జును స్టీలు జల్లెడలో వేసి, చేతి వ్రేళ్లతోనో కొయ్య గరిటెతోనో మెల్లగా రాచినచో గింజలు పైన మిగులును. గింజలతో సహా మిక్సీలో వేయుట ఎంతమాత్రము తగదు. ఈ గింజల పప్పు విషము. మన పెద్దలు పేలమందుగా వాడినదే. దాని పొడి కంటిలో పడినచో కన్ను దెబ్బతినును. పిల్లలు ఆడు చోట ఆ గింజలు పారవేయకుడు.

తీసిన గుజ్జు గాలి తగిలినకొలది గోధుమరంగునకు తిరుగును. దీనికి కారణము పండులోనే ఉన్న ఎంజైములు. మంచు వానిని నెమ్మదింపజేయును గాని పూర్తిగా ఆపదు. నిమ్మరసము ఆపును. కిలో గుజ్జునకు రెండు చిన్న చెంచాల నిమ్మరసము, 100 గ్రాముల చక్కెర కలిపినచో రంగును, రుచియు నిలుచును. చక్కెర వలదనువారు నిమ్మరసము మాత్రము వేయవచ్చును.

ఆహారమునకు తగిన దళసరి పాలిథీను సంచులలో పావుకిలో, అరకిలో చొప్పున నింపి, గాలి నొక్కివేసి, మూతికట్టి, అరంగుళపు మందమున పలకవలె పరచి ఫ్రీజరులో పెట్టవలెను. ముద్దగా పెట్టినచో నడిమి భాగము గడ్డకట్టుటకు చాలసేపు పట్టును. పలకగా ఉన్నచో త్వరగా గట్టిపడును, తరువాత పుస్తకములవలె నిలువుగా పేర్చుకొనవచ్చును. గ్రంథాలయమువారికి ఈ మాట నచ్చునని తలచెదను. డబ్బాలు వాడువారు పైన వ్రేలెడు ఖాళీ విడువవలెను. నీరు గడ్డకట్టునపుడు ఇంచుమించు పదకొండవ వంతు పెరుగును. నిండుగా పోసిన గాజుసీసా పగులును. ప్రతి సంచిపై పండు పేరును, తేదీని వ్రాయుట మరువవలదు. మంచు పట్టిన పిదప మామిడియో సీతాఫలమో గుర్తుపట్టుట ఇంటివారికే కష్టము.

బంగినపల్లి మామిడిని తొక్కతీసి ముక్కలుగా కోసి, ఒకదానికొకటి తగులకుండ పళ్లెములో పరచి గట్టిపడనిచ్చి, తరువాత సంచిలోనికి ఎత్తవలెను. అట్లు చేసినచో ఒక్క ముద్ద కాక, కావలసినన్ని ముక్కలే తీసికొనవచ్చును. రసాలకు ఈ శ్రమ వలదు, పిండి, పీచు వడబోసి సంచులలో పోయుటయే. నేరేడు, ఉసిరిక కూడ ముక్కలవలెనే పళ్లెములో గట్టిపరచవచ్చును. అరటిపండును తొక్కతీసియే పెట్టవలెను. పుల్లని రసములు తగులు పనికి ఇత్తడి, రాగి పాత్రలు వాడరాదు.

ఫ్రీజరులో చలి సున్నకు క్రింద 18 డిగ్రీలుండవలెను. ఆ చలిలో పండ్లు ఎనిమిది నెలలనుండి ఏడాది వరకు రుచి చెడక నిలుచును. సీతాఫలమును మాత్రము ఆరునెలలలో వాడుకొనుడని నా సలహా. ఒక్క తలుపు ఉన్న చిన్న ఫ్రిజ్జులో పైన ఉండు ఐసుగూడు అంత చలికి దిగదు. అందులో కొన్ని వారములకు మించి దాచుటకు ఆశపడవలదు.

“కరెంటు పోయినచో ఏమి గతి?” అని వెనుక వరుసలోని ఒక అక్కగారు ఇప్పుడే అడిగినారు. న్యాయమైన ప్రశ్న. నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు తెరువకున్నచో సుమారు రెండు దినములు చలిని నిలుపును, సగము నిండినది ఒక దినము నిలుపును. ఖాళీ ఉన్నచోట నీటిసీసాలు ముప్పాతికవరకు నింపి పెట్టుడు, అవియే మంచుగడ్డలై కాపాడును. మీరు ఊరికి పోయినపుడు కరెంటు పోయి వచ్చినదో లేదో తెలియుటకు ఒక ఉపాయము కలదు. చిన్న గిన్నెలో నీరు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజరులోనే ఉంచుడు. తిరిగివచ్చి చూచినపుడు బిళ్ల పైననే ఉన్నచో భయము లేదు. గిన్నె అడుగున మంచులో చిక్కుకొనియున్నచో నడుమ అంతయు కరగి మరల గడ్డకట్టినదని అర్థము. అట్టి గుజ్జును నమ్మి తినరాదు, అమ్మనేరాదు.

వాడుకొను ముందటి రాత్రి సంచిని ఫ్రిజ్జులోని క్రింది అరకు మార్చినచో తెల్లవారునప్పటికి కరగును. కరగినదానిని ఆనాడే వాడవలెను, మిగిలినదానిని మరల గడ్డకట్టింపరాదు. చిన్న సంచులలో నింపుడనుట ఇందుకే. సీతాఫలపు గుజ్జును పొయ్యిమీది పాయసములో వేయవలదు. పాయసము దించి, చల్లారిన పిదప కలుపవలెను. లేనిచో ఆరునెలలు కాపాడిన తీపి నిమిషములో చేదగును.

ఇంతవరకు చెప్పినది ఒక ఇంటి సంగతి. ఊరి సంగతి ఒక్కటి చెప్పి విరమించెదను. మన మహిళా సంఘములవారు కలిసి ఒక పెద్ద ఫ్రీజరు కొని సీతాఫలపు గుజ్జు నిలువచేయుదురా అను ఆలోచన ఈ ఉదయము భోజనముల వద్ద వచ్చినది. మంచి ఆలోచనయే కాని లెక్క చూచుకొనవలెను. ఫ్రీజరు ఎంత పెద్దదైనను ఒక దినములో గడ్డకట్టింపగల సరుకునకు మితి కలదు. 300 లీటర్ల పెట్టెలో దినమునకు పది పన్నెండు కిలోలకు మించి క్రొత్త గుజ్జు పెట్టరాదు. మించినచో అది నిదానముగా గడ్డకట్టును, పాత సరుకు కూడ మెత్తబడును. తొక్క, గింజలు పోగా సీతాఫలములో సగముకంటె తక్కువే గుజ్జు. పది కిలోల గుజ్జునకు పాతిక ముప్పది కిలోల పండ్లు కావలెను. అనగా ఒక పెట్టె ఊరిలోని తట్టలన్నిటిని మింగజాలదు. సాయంకాలమునకు మిగిలిన తట్టలలో కొన్నిటిని మాత్రము కాపాడగలదు. నా దృష్టిలో అదియే చాలును. నాలుగు తట్టలైన ఇంటికి మరలి రాగలవని తెలిసిన నాడు, మిగిలిన తట్టలకు కొనువాడు చెప్పు ధరయే మారును.

అమ్మకమునకు దిగువారు ఆహార భద్రతా సంస్థయైన ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వద్ద నమోదు చేసికొనవలెను. కొనువారిని ముందు మాటలాడుకొని పిదప గుజ్జు తీయవలెను గాని, తీసి కొనువారిని వెదకరాదు. ఐసుక్రీము చేయువారు, పెండ్లి వంటలవారు, పట్టణములోని పండ్లరసముల దుకాణములవారు ఎంత కొందురు, ఏ నెలలో కొందురు అని ఈ వానకాలములోనే విచారింపుడు.

పెట్టె కొనుటకు ముందు ఈ ఏడు ఒక పరీక్ష చేయుడు. ఇప్పటికే ఫ్రీజరు ఉన్న దుకాణమువారినో, ఇంటివారినో అడిగి ఒక అర చోటు తీసికొనుడు. బతుకమ్మ పండుగ వారములో ముప్పది కిలోల పండ్లు తూచి తీసి, గుజ్జు ఎంత వచ్చినది, ఎందరు ఎన్ని గంటలు పనిచేసినారు, కరెంటు ఎన్నిసార్లు పోయినది, సంక్రాంతికి, శివరాత్రికి, ఉగాదికి ఒక్కొక్క సంచి విప్పినపుడు రంగు రుచి ఎట్లున్నవి అని ఒక నోటు పుస్తకములో వ్రాయుడు. వ్రాయుటకు బడికి పోవు మన ఆడపిల్లలున్నారు. ఆ పుస్తకమును ఈ గ్రంథాలయములో వ్యవసాయ గ్రంథముల అరలో ఉంచుడు. ఉగాది తరువాత కార్యదర్శిగారు పిలిచినచో మరల వచ్చి, ఆ లెక్కలను ముందు పెట్టుకొని పెట్టె కొనవలెనా వలదా అని మీతో కూర్చుండి మాటలాడుదును.